తోడికోడలి పాత షూస్

మనుషుల అసూయ గురించి పుస్తకాల్లో చాలానే చదివాను. రాజులకు పక్క రాజ్యం మీద, ప్రేమికులకు పక్క ప్రేమికుడి మీద, పండితులకు పక్క పండితుడి మీద ఉండే ఓర్వలేనితనాన్ని పేజీలకు పేజీలు వర్ణించారు. కానీ ఉద్యోగం చేసుకుంటూ, పదకొండేళ్ల పిల్లని పెంచుకుంటూ, ఇల్లు నడుపుకొనే ఒక మామూలు మనిషికి తోడికోడలి మీద పుట్టే కుళ్ళు గురించి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. రాయదగినంత పెద్దది కాదనుకున్నారేమో. నేను తిరిగిన ఊళ్ళలో, ఎక్కి దిగిన మెట్లలో, రాజ్యాల అసూయ కంటే ఇదే ఎక్కువ కాలం బతకడం చూశాను. మనిషి చేత ఎక్కువ పని చేయించేది కూడా ఇదే. నేను చెప్పబోయే ఆవిడకి ఈత నేర్పించింది, ఆవిడని పొద్దున్నే పరుగెత్తించింది, చివరికి చెప్పుల కొట్టు గడప కూడా తొక్కించింది.

ఆవిడ పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. ముందు గదిలో నిలబడి "ఈ ఫ్రేము మీ ముఖానికి భలే నప్పిందండీ" అని మొహమాటపు మాటలు చెప్పే పని కాదు. వెనక గదిలో, కిటికీ లేని చోట, గుండ్రటి లెన్సుని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచులు నునుపు చేసి బిగించే పని. పదిహేడేళ్లుగా అదే బల్ల, మెడ వంచిన అదే దీపం, నీళ్లు చిమ్ముతూ గీపెట్టే అదే మిషను. సాయంత్రానికి గోళ్ల సందుల్లో తెల్లటి పొడి చేరుతుంది. దుకాణంలో అందరూ అద్దాలావిడ అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం.

ఆవిడ దగ్గర ఒక విద్య ఉంది. బాగు చేయమని వచ్చిన పాత కళ్ళద్దాలని దీపానికి ఎత్తి పట్టుకుని, వాటి యజమానిని చూడకుండానే జాతకం చెప్పేస్తుంది. "ఈయన చొక్కా అంచుతో తుడుస్తాడు. ఎడమ వైపు ఒత్తిగిలి పడుకుని చదువుతాడు. వీటి మీద కూర్చున్నాడు, అడిగితే మాత్రం ఒప్పుకోడు." ముందు గదిలో వాళ్ళు వెళ్ళి అడిగితే ఆయన నిజంగానే ఒప్పుకోడు.

భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చిన మనిషి గనక ఇంట్లో కుర్చీ లోంచి కదలడు. ఒక్కతే కూతురు. ఈత క్లబ్బులో దాని వయసు పిల్లలందరి కంటే ముందుంటుంది. దాన్ని అందరూ చేపపిల్ల అంటారు. అద్దాలావిడకు మొదటి ముల్లు అక్కడే గుచ్చుకుంది. ఆ పేరు పెట్టింది తను కాదు, తోడికోడలు.

తోడికోడలంటే మరిది భార్య. రెండు వీధుల అవతల కాపురం. ఆరేళ్లు చిన్నది, మందుల కంపెనీలో ఉద్యోగం, పిల్లలు లేరు. ట్రయథ్లాన్‌లు చేస్తుంది. అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో కూర్చోకుండా. నాలుగేళ్లుగా చేస్తోంది. ఆవిడ ఇంటి హాల్లో పతకాలు తలుపు గడియకి వేలాడుతూ ఉంటాయి, అవేవో గొడుగులన్నట్టు. ఆ నిర్లక్ష్యమే అద్దాలావిడకు ఒళ్ళు మండించేది. గోడకి చక్కగా మేకు కొట్టి తగిలించుకుంటే "డాబు చూడు" అని ఒక మాట అనుకుని మనసు తేలిక చేసుకునేది. ఆ వీలు కూడా లేకుండా చేసింది.

పిల్లకి పిన్ని అంటే ప్రాణం. "పిన్ని చెప్పింది, నీళ్లలో తల అంత ఎత్తకూడదట." "పిన్ని చెప్పింది, పొద్దున్నే అరటిపండు తినాలట." ఆ అరటిపండు మాట తల్లి మూడేళ్ల నుంచి చెబుతోంది. పిన్ని నోట్లోంచి వచ్చేసరికి అది శాస్త్రమైపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. ఈత క్లబ్బు వాళ్ళు ఆ ఏడు కొత్తగా ఒక పోటీ పెట్టారు. ఒక పిల్ల, ఇంట్లోంచి ఒక పెద్ద, ఇద్దరూ జంట. చిన్న దూరాలే, కానీ ఇద్దరూ మూడూ చేయాలి. చివరి గీత చేయీ చేయీ పట్టుకుని దాటాలి. ఫారం మీద పిల్ల పేరు పక్కన పెద్దవారి పేరు రాసి శనివారం సాయంత్రం ఆరింటిలోగా ఇవ్వాలి.

క్లబ్బు గోడ మీద ఆ కాగితం చూసిన రోజునే అద్దాలావిడ మనసులో రాసేసుకుంది, ఆ రెండో పేరు తనదేనని. చేయి పట్టుకుని గీత దాటేది తనే. పేరు పెట్టే అవకాశం ఎలాగూ పోయింది, ఇదైనా పోనివ్వకూడదు. పోటీకి ఇంకా నాలుగు నెలలుంది. నడుము నొప్పికి మంచిదట అని చెప్పి మధ్యాహ్నం ఆడవాళ్ళ బ్యాచ్‌లో ఈతకు చేరింది. సైకిలు సంగతి చూసుకోనక్కర్లేదు, పదిహేడేళ్లుగా పనికి వెళ్ళేది దాని మీదే. మిగిలింది పరుగు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే పాలకని బయల్దేరి, గోదాముల వెనక రోడ్డు మీద ఎవరూ చూడకుండా పరుగెత్తి, ముప్పావుగంట తర్వాత చెమటతో ఇంటికొచ్చేది.

"పాలు తేవడానికెళ్ళావా, పిండటానికెళ్ళావా?" అనేవాడు భర్త కుర్చీ లోంచి.

"వరస పెద్దగా ఉందండీ."

"వరసలో నిలబడితే చెమట పడుతుందా? తోసుకున్నారా?"

"మీరు ఒకరోజు తెచ్చి చూడండి, తెలుస్తుంది" అనేసరికి ఆయన పేపరు ఎత్తి పట్టుకునేవాడు.

ఇంతకీ ఆ పరుగు ఏ షూస్‌తో? అదీ చెప్పాలి. తోడికోడలు ఒకరోజు బీరువా సర్దుకుంటూ ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. "అక్కా, ఇవి నాకింక పనికిరావు. మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు వేసుకో, మెత్తగా ఉంటాయి." ఊదారంగు పరుగు షూస్. ఆరో నంబరు. అద్దాలావిడదీ ఆరో నంబరే, పెళ్ళయిన కొత్తలో. అప్పట్నుంచీ అదే నంబరు చెబుతూ వస్తోంది. ఇంటా బయటా వదులు చెప్పులతో నడిచే మనిషికి మళ్ళీ కొలుచుకునే అవసరం ఎప్పుడొచ్చింది? "నాకింక పనికిరావు" అన్న మాట లోపలికి దిగి కూర్చుంది. ఆవిడకు పనికిరానిది నాకు పనికొస్తుందా? వారం రోజులు వాటిని మంచం కిందికి తోసేసింది. ఎనిమిదో రోజు వాటితోనే పరుగెత్తింది. అసూయ పడే మనిషి ఎదుటివాళ్ళ వస్తువు పారేయదు. దాన్ని వాడి గెలవాలని చూస్తుంది.

మూడు నెలలు పరుగెత్తింది. వేళ్లు ముడుచుకుపోయి నొప్పెట్టేవి. పరుగంటే అంతే కాబోలు అనుకుంది. ఆ నొప్పే లేకపోతే తోడికోడలికి అంత గొప్పేముంటుంది అని కూడా అనుకుంది.

ఫారం ఇవ్వాల్సిన శనివారం దుకాణంలో సగం పూట సెలవు పెట్టింది. పథకం ఇది. పిల్లని వెంటబెట్టుకుని పరుగు షూస్ కొట్టుకి వెళ్ళాలి. కొత్త షూస్ కొనాలి. అప్పుడు దాని ముఖంలోకి చూసి, "ఆ రెండో పేరు నాది రాయి" అనాలి. ముందే ఫోను చేసి కనుక్కుంది. కొట్టాయన "వచ్చేటప్పుడు ఇప్పుడు వాడుతున్న పాత జత తీసుకురండి మేడమ్" అన్నాడు. ఎందుకని ఈవిడ అడగలేదు. పాతవి తీసుకుని కొత్తవి ఇస్తారేమో అనుకుంది. పరాయివాళ్ళ అద్దాల మీది గీతలు చూసి జాతకాలు చెప్పే మనిషికి, తన జాతకం చూసే మనిషి ఇంకొకడు ఉంటాడని తట్టలేదు.

ఆ కొట్టు రెండో అంతస్తులో ఉంది. గోడ నిండా షూస్, మధ్యలో నల్లటి పట్టీ తిరిగే ట్రెడ్‌మిల్, దాని వెనక పాదాల ఎత్తున ఒక చిన్న కెమెరా. నడుస్తుంటే కొంచెం కుంటే ఒక మధ్యవయసాయన ఎదురొచ్చాడు. మెడలో కొలత టేపు, చేతిలో ఇనప పలక. కొలతలాయన అందాం. క్షురకుడు ముందు తల చూస్తాడు, దర్జీ భుజాలు చూస్తాడు, ఆ తర్వాతే పలకరింపు. ఈయనా అంతే, పలకరించడానికి ముందు వీళ్ళ పాదాలు చూశాడు.

గోడ మీద పోటీలు పూర్తిచేసిన ఖాతాదారుల ఫొటోలున్నాయి. అద్దాలావిడ కళ్ళకి వెతక్కుండానే దొరికింది. మూడో వరసలో తోడికోడలు, తడి జుట్టుతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

"అమ్మా, పిన్ని!" అంది చేపపిల్ల.

"చూశాలే" అంది తల్లి. అని, ఆ గోడకి వీపు పెట్టి కూర్చుంది.

సంచీలోంచి ఊదారంగు షూస్ తీసేసరికి పిల్ల నోరు తెరిచింది. తల్లి దాని వైపు ఒక చూపు చూసింది. పిల్ల నోరు మూసుకుంది. అలాంటి చూపులకి భాష అక్కర్లేదు.

కొలతలాయన ఒక షూ తీసుకుని తిరగేసి, వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఎత్తడం చూడగానే అద్దాలావిడ గుర్తుపట్టింది. తను రోజూ చేసేదే. సరిగ్గా అలాగే ఎత్తుతుంది.

"ఓహో!" అన్నాడు. వేలితో సోలు అంచు తడిమాడు. "మేడమ్, చాన్నాళ్లయింది ఇంత శుభ్రమైన అరుగుదల చూసి. మడమ చూడండి, కొత్తదానిలా ఉంది. అసలు మడమ మీద పడనే పడరు మీరు. ముందు పాదం, అదీ బయటి అంచు. ఇదిగో, రెండూ సమానంగా. నేల మీద నిలబడే పరుగు కాదిది. తాకి వెళ్ళిపోయే పరుగు."

అద్దాలావిడ చెంపలు వేడెక్కాయి. జీవితంలో ఎవరూ తన గురించి అంత మంచి మాట అనలేదు. ఇప్పుడూ తన గురించి అనడం లేదు. పొగడ్త చెవిలో తేనెలా పడుతోంది, అది ఎవరికి చెందాలో తలుచుకుంటే అదే తేనె చేదెక్కుతోంది. కాదని ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ చెబితే ఏమవుతుంది? ఈ పొగడ్తంతా లేచి వెళ్ళి ఆ గోడ మీది ఫొటో దగ్గర కూర్చుంటుంది.

"ఎన్నేళ్లుగా పరుగెడుతున్నారు?"

"నాలుగేళ్లు" అంది.

చేపపిల్ల తల తిప్పి తల్లిని చూసింది.

"వారానికి?"

"ముప్పై కిలోమీటర్లు... ఒక్కోవారం నలభై."

"చూస్తేనే తెలుస్తోంది. అయితే మీకు మామూలువి చూపించి లాభం లేదు." ఆయన లోపలికెళ్ళి ఒక డబ్బా తెచ్చాడు. కాగితం ముక్కలా తేలిగ్గా ఉన్న జత, మొన్న తోడికోడలు కొన్నలాంటివే, రంగు మాత్రం వేరు. ఆరో నంబరు. అద్దాలావిడ మేజోళ్లతోనే కాలు దూర్చింది. దూరలేదు. బలంగా తోసింది.

"కొంచెం బిగువుగా ఉన్నాయా?"

"లేదు లేదు, సరిపోయాయి."

"అయితే ఒక్క నిమిషం దీని మీద పరుగెత్తండి. ఊరికే, లెక్క కోసం."

ఆవిడ పట్టీ ఎక్కింది. పట్టీ కదిలింది. మొదటి నాలుగడుగులు వేళ్ల మీద వేయాలని చూసింది, తాకి వెళ్ళిపోవాలి కదా. అయిదో అడుగుకి మడమ దబ్బుమని పడింది. ఆ తర్వాత ప్రతి అడుగూ అంతే. కింద మొదటి అంతస్తు వాళ్ళు ఎవరో బల్లలు జరుపుతున్నారనుకుని ఉంటారు. చీలమండలు లోపలికి మడత పడుతున్నాయి. కొలతలాయన కెమెరా తెర వైపు చూశాడు. ఊదారంగు షూ వైపు చూశాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. పట్టీ ఆపాడు.

"మేడమ్, ఒంట్లో బాగానే ఉందా?"

"అమ్మకి పొద్దున్నుంచీ నీరసంగా ఉందండీ" అని ఠక్కున అందుకుంది చేపపిల్ల. "మధ్యాహ్నం సరిగ్గా తినలేదు కూడా."

తల్లి ఉలిక్కిపడి పిల్ల వైపు చూసింది. అది అమాయకంగా కెమెరా వైపు చూస్తోంది.

"నీరసంతో మనిషి నెమ్మదిస్తుంది పాపా. మడమ మారదు" అన్నాడాయన. "ఈ షూ తొడిగిన పాదం వేరు, ఇప్పుడు పట్టీ మీద పడిన పాదం వేరు. ఒకసారి మేజోళ్లు తీస్తారా?"

"ఎందుకండీ? ఇవే ఇచ్చేయండి, బాగున్నాయి."

"కొలవకుండా ఇవ్వనండీ. నా దగ్గర అది లేదు."

అద్దాలావిడకు కూడా అలాంటి పట్టింపు ఒకటుంది. పక్కింటివాళ్ళ అద్దాలు పెట్టుకుని "ఇలాంటివే చేసివ్వండి" అని వచ్చేవాళ్ళని ముందు కళ్ళు చూపించుకు రమ్మని తిప్పి పంపిస్తుంది. అది గుర్తొచ్చిందో, పిల్ల అబద్ధం వినలేకపోయిందో, వంగి మేజోళ్లు లాగేసింది.

రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లూ నల్లగా కమిలి ఉన్నాయి. ఎడమ కాలి రెండో వేలికి గోరే లేదు.

ముందు మాట్లాడింది పిల్ల.

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"మూడు నెలలు."

"పాలకని వెళ్ళేది... ఇందుకా?"

తల్లి తలూపింది. అప్పుడు కొలతలాయనతో, నేల వైపు చూస్తూ అంది. "అవి నావి కావండీ. మా తోడికోడలివి. ఆ గోడ మీద ఉంది, మూడో వరసలో."

ఆయన తిరిగి చూసి, "అరెరె, ఆవిడవా! నేనే కదా ఇచ్చింది. ఆ అరుగుదల ఎక్కడో చూశానే అనుకుంటున్నా. ఆవిడ పరుగు పరుగేనండీ!" అన్నాడు. కొందరు మంచివాళ్ళకి ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలియదు. పొగడ్త అక్షరం పొల్లుపోకుండా లేచి వెళ్ళి ఫొటో దగ్గర కూర్చుంది.

తర్వాత ఆయన నేల మీద చతికిలబడి ఇనప పలక పరిచాడు. ఎడమ పాదం పెట్టించాడు, కుడి పాదం పెట్టించాడు, మళ్ళీ ఎడమ పెట్టించాడు.

"ఎనిమిది."

"ఎనిమిదా? ఆరండీ నాది. ఇంకోసారి చూడండి."

"మూడుసార్లు చూశాను. ఎడమది ఎనిమిదింబావు. పరుగుకి కొంచెం చోటు వదలాలి కాబట్టి ఎనిమిదిన్నర ఇస్తాను."

"ఆ పలక సరిగ్గా ఉందా? పెళ్ళినాటి నుంచీ ఆరే వేసుకుంటున్నా."

"మధ్యలో కాన్పు అయింది కదా మేడమ్? చాలామందికి అప్పుడు పాదం సాగుతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళదు. ఎవరూ కొలుచుకోరు."

"అంటే నా వల్లేనా?" అంది చేపపిల్ల, తెగ సంతోషపడిపోతూ. "నేను లోపలున్నప్పుడు నీ కాళ్లు రెండు నంబర్లు పెరిగాయా?"

"నీ వల్ల పెరిగినవి ఒకటా రెండా" అంది తల్లి. అందిగానీ ఆ క్షణంలో ఆవిడ ఆలోచన వేరే చోట ఉంది. తోడికోడలి పాదం ఇంకా ఆరే. మళ్ళీ అక్కడికే.

ఎనిమిదిన్నరలో మడమ కింద మెత్తగా, పక్కల దన్నుగా ఉండేది ఒక్క జతే దొరికింది. వాన నీళ్లలో నానిన సిమెంటు రంగు.

"బస్సుల్లా ఉన్నాయి" అంది పిల్ల.

కానీ అవి తొడుక్కుని పట్టీ ఎక్కితే, మూడు నెలల్లో మొదటిసారి వేళ్లు విడివిడిగా కదిలాయి. అడుగు చప్పుడూ తగ్గింది. నొప్పి లేకుండా కూడా పరుగెత్తవచ్చని ఆవిడకు అప్పుడు తెలిసింది. తెలిసి కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో చెప్పనక్కర్లేదు. నిజానికి ఆ తోడికోడలు మార్కెట్‌కి వేసుకోమంది గానీ పరుగెత్తమనలేదు.

అయిదున్నరకి తల్లీ కూతుళ్లు క్లబ్బుకి నడిచారు. పిల్ల సంచీలో ఫారం ఉంది, రెండో పేరు ఇంకా ఖాళీ. ముందుగా అనుకున్న మాట తల్లి నోటికి రావడం లేదు. పిల్లే మొదలుపెట్టింది.

"అమ్మా, పోటీకి నువ్వు పరుగెత్తాలనుకున్నావా? నాతో?"

"ఏదో... అనుకున్నా."

"చెప్పొచ్చుగా! పిన్నిని అడిగేశాను నేను. సరేనంది. పిన్నితో అయితే మాకు పతకం వచ్చేట్టుంది. ఇంకా రాయలేదులే. నీ పేరే రాయమంటావా?"

ఇక్కడ ఆవిడ చేసిన పని చెబుతాను. నేను చూసిన చాలామంది తల్లులు, భార్యలు, పెద్దక్కలు చేసేది ఇదే. కాదనిపించుకోవడం కోసం త్యాగం చేస్తారు.

"వద్దులేమ్మా. పిన్ని పేరే రాయి. నాకేముంది, నేను ఎవరితోనైనా... నువ్వు గెలవడమే కావాలి నాకు" అని, గొంతులో కొంచెం జీర కూడా పెట్టి, ఎదురుచూసింది. "లేదమ్మా, నువ్వే కావాలి" అని పిల్ల చేయి పట్టుకోవాలి. రెండుసార్లు బతిమాలాలి. అప్పుడు ఒప్పుకోవాలి.

"నిజంగానా? థాంక్సమ్మా!" అని చేపపిల్ల ఎగిరి గంతేసింది. లోపలికి పరుగెత్తి, కౌంటరు మీద కాగితం పెట్టి, పిన్ని పేరు గుండ్రటి అక్షరాలతో రాసేసింది.

కౌంటరావిడ తల్లి చేతిలోని కొత్త షూస్ డబ్బా చూసింది. "మీరూ మొదలుపెట్టారా? అదే రోజు పదింటికి కొత్తగా నేర్చుకున్న పెద్దలకు వేరే పోటీ ఉంది. రాసుకోమంటారా?"

"రాసుకోండి" అంది అద్దాలావిడ. పళ్ళు కొరికి అన్న మాటలు కొన్నిసార్లు మనిషిని ఎంతో దూరం తీసుకెళ్తాయి.

పోటీ రోజు పొద్దున చేపపిల్ల, పిన్ని రెండో స్థానంలో వచ్చారు. చివరి గీత చేయీ చేయీ పట్టుకునే దాటారు. తాడుకి ఇవతల నిలబడి తల్లి అందరి కంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, అరిచేతులు మండేదాకా. తోడికోడలి పాదాల వైపు చూడకూడదనుకుంటూనే చూసింది. నేలని తాకీ తాకకుండా వెళ్ళిపోతున్నాయి. ఒప్పుకోవడానికి బాధ కలిగేంత అందంగా ఉంది ఆ పరుగు.

"చూశావా అక్కా నీ కూతుర్ని! నన్ను ఈడ్చుకొచ్చింది" అంటూ తోడికోడలు వచ్చి వాటేసుకుంది. మనస్ఫూర్తిగానే అంది. అదే కష్టం.

"నువ్వుండబట్టే" అంది ఈవిడ, పళ్ళన్నీ కనబడేలా నవ్వి.

పదింటికి తన వంతు వచ్చింది. మొత్తం ఇరవై ముగ్గురు. ఈతలో చివరి నుంచి మూడో మనిషిగా తేలింది. సైకిలు మీద మాత్రం, పదిహేడేళ్ల అలవాటు ఊరికే పోతుందా, అయిదుగురిని దాటింది. పరుగు మొదలుకాగానే ఆ అయిదుగురూ మర్యాదగా ఒక్కొక్కరే ఆవిడని దాటి వెళ్ళిపోయారు. ఆ వెనక ఇంకొకరు కూడా. మైదానం చుట్టూ రెండో చుట్టు సగానికి వచ్చేసరికి వెనక మిగిలింది ఒక్కడే. మోకాలికి పట్టీ కట్టుకున్న పోస్టాఫీసు గుమాస్తా, వగరుస్తూ వస్తున్నాడు.

అప్పుడు తాడు వెంబడి ఒక గొంతు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా! భుజాలు దించు! చేతులు ఊపు, చేతులు! కింద చూడకు, నన్ను చూడు!"

చేపపిల్ల. వేదిక దగ్గర ఫొటోలు తీస్తున్నారు, రెండో స్థానం వాళ్ళ వంతు వచ్చింది, అన్నీ వదిలేసి వచ్చేసింది. తాడు అవతల తల్లితో సమానంగా పరుగెడుతూ గొంతు చించుకుంటోంది. "మా అమ్మండీ! జరగండి, జరగండి, మా అమ్మ వస్తోంది!" అని దారిలో నిలబడ్డవాళ్ళని తోసేస్తోంది.

అద్దాలావిడ తలెత్తింది. దూరంగా వేదిక పక్కన తోడికోడలు ఒక్కతే నిలబడి ఉంది. మెడలో తన పతకం. చేతుల నిండా పిల్ల సంచీ, పిల్ల తడి తువ్వాలు, పిల్ల చెప్పులు. ఫొటో తీసేవాడు ఏదో అడుగుతున్నాడు, ఆవిడ అతని వైపు చూడటం లేదు. తాడు వెంట అరుస్తూ పోతున్న పిల్లని చూస్తోంది. నవ్వుతోంది గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆ చూపు ఎలాంటిదో అద్దాలావిడకు ఒకరు చెప్పక్కర్లేదు. పండగలా ఎప్పుడో వచ్చిపోయే చూపు కాదది, నాలుగేళ్లుగా రోజూ తన ముఖం మీద ఉంటూ వచ్చినదే.

అద్దాలావిడ నెమ్మదించింది.

కావాలనే. ఒక పది అడుగులు, దాదాపు నడకలా. పిల్ల గొంతు వేదిక దాకా ఇంకొంచెం బాగా వినబడనీ, ఆవిడ ఇంకొంచెం బాగా చూడనీ అని. ఆ పది అడుగుల్లోనే గుమాస్తా పక్కకొచ్చాడు. "క్షమించండమ్మా" అని వగర్చి, దాటి, గీత దాటేశాడు.

ఇరవై మూడో మనిషిగా అద్దాలావిడ గీత దాటింది.

"ఎందుకు ఆగావమ్మా!" చేపపిల్ల తాడు కింద నుంచి దూరి వచ్చి కాళ్లు నేలకేసి కొట్టింది. "ఆయన్ని ఓడించేదానివి! ఇంకొంచెమే ఉంది! అసలు ఎవరైనా అక్కడ ఆగుతారా?"

"ఊపిరి అందలేదే" అంది తల్లి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, ముఖం కనబడకుండా. నిజానికి నాలుగేళ్లలో ఎప్పుడూ అంత హాయిగా ఊపిరి పీల్చలేదు.